తొలి దినముల గర్భపరీక్ష: ఒక్క అంకెతో తీర్పు వలదు

(జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)

పంచాయతీ సభ్యుల సమావేశములలో సాధారణముగా రోడ్లను గూర్చియు, మంచినీటిని గూర్చియు, వీధి దీపములను గూర్చియు ప్రసంగములు జరుగుచుండును. నేడు మేము ఒక ఇల్లాలి చేతిలోని చిన్న కాగితమును గూర్చి మీతో ముచ్చటింపదలచితిమి. అది రక్తపరీక్ష కాగితము. నెలసరి తప్పిన నాలుగు దినములకో, వారమునకో ఆమె పరీక్ష చేయించుకొనినది. కాగితముపై ఒక అంకె యున్నది. అది తక్కువగా నున్నదని ఎవరో యన్నారు. ఆ మాటతో ఇంటిలో పొయ్యి వెలుగుట లేదు. గర్భము నిలువదని అత్తగారు దిగులుపడుచున్నది. అసలు గర్భమే కాదని పొరుగామె చెప్పుచున్నది. మాత్ర తెచ్చి కడిగివేయించుట మేలని మఱియొకరు సలహా నిచ్చుచున్నారు. కడుపులో ఒక ప్రక్క నొప్పిగా నున్నదని ఆ యిల్లాలు మెల్లగా చెప్పినను ఎవరును చెవిని పెట్టుట లేదు.

ఈ యింటిలో పలుకబడిన మాటలలో ఆ చివరి మాటయే ముఖ్యమైనది. తక్కినవన్నియు తొందరపాటు మాటలు. ఈ సంగతి మీకు తెలిసియుండుట అవసరము. ఏలయన, ఊరిలో కష్టము వచ్చినపుడు మొదట తలుపు తట్టునది మీ యింటినే గదా!

హెచ్.సి.జి. అనగా నేమి?

స్త్రీ పురుష బీజములు కలిసిన తరువాత పిండము మెల్లగా ప్రయాణించి గర్భాశయమును చేరి, దాని గోడను అంటుకొనవలెను. అండము విడుదలైన నాటినుండి దీనికి 6 మొదలు 12 దినములు పట్టును. అంటుకొనిన పిమ్మట, ముందు ముందు మాయగా రూపొందనున్న కణములు ఒక హార్మోనును తల్లి రక్తములోనికి విడుచును. దానినే వైద్యులు హెచ్.సి.జి. అందురు. నెలసరిని రానీయక, గర్భాశయపు పొరను కాపాడు హార్మోనును తయారుచేయుచుండుమని అండాశయమునకు కబురు పంపుట దీని పని. రక్తములో కొంత పెరిగిన పిదప ఇది మూత్రములో గూడ కనబడును.

ఈ జ్ఞానము ఒక్కనాట లభించినది కాదు. 1927 ప్రాంతమున జర్మనీ దేశమున ఆష్‌హైమ్, జోన్డెక్ అను ఇరువురు వైద్యులు స్త్రీ మూత్రమును చిట్టెలుకలకు సూది ద్వారా ఎక్కించి, వాని అండాశయములలో కలుగు మార్పును చూచి గర్భమును నిర్ణయించిరి. 1972లో అమెరికాలో వైటుకైటిస్, బ్రౌన్‌స్టీన్, రాస్ అను శాస్త్రజ్ఞులు ఈ హార్మోనులోని బీటా భాగమును మాత్రమే గుర్తించి కొలుచు పద్ధతిని ప్రకటించిరి. నేడు మన ప్రయోగశాలలు వ్రాసి యిచ్చు "బీటా హెచ్.సి.జి." అను మాట అక్కడ నుండి వచ్చినదే.

మన గ్రామములలో ఆశా కార్యకర్త వద్ద నుండు నిశ్చయ్ కిట్టు మూత్రపరీక్షకు పనికివచ్చును. అది ఉన్నదని, లేదని మాత్రమే చెప్పును గాని ఎంత యున్నదో చెప్పదు. ఇట్టి కిట్లు సాధారణముగా హార్మోను 25 యూనిట్లకు చేరిన తరువాతనే గీతను చూపును. మిల్లీలీటరునకు ఇన్ని మిల్లీ అంతర్జాతీయ యూనిట్లని శాస్త్రపు లెక్క. సౌలభ్యము కొఱకు యూనిట్లని చెప్పుకొందము. రక్తపరీక్షయందు 5 యూనిట్లకు లోపు ఉన్నచో గర్భము లేదని భావింతురు. 25కు మించినచో గర్భమున్నట్లే. ఈ రెంటి నడుమ నున్నచో ఏమియు తేల్చక, మరల పరీక్షింపవలెను.

ఎంత యున్నచో తక్కువ?

కడపటి నెలసరి మొదటి దినమునుండి లెక్కించి, నాలుగవ వారమున ఈ హార్మోను 5 మొదలు 426 యూనిట్ల వఱకును, ఐదవ వారమున 18 మొదలు 7,340 వఱకును, ఆరవ వారమున 1,080 మొదలు 56,500 వఱకును ఉండవచ్చునని వైద్యులు వాడుకొను పట్టికలు చెప్పుచున్నవి. ఐదవ వారపు అంకెలను చూడుడు. 20 యూనిట్లున్న తల్లికిని, 7,000 యూనిట్లున్న తల్లికిని చక్కని బిడ్డలు కలుగవచ్చును. ఇంత వ్యత్యాసమున్నపుడు ఒక్క అంకెను చూచి తక్కువ యనుట ఎట్లు పొసగును?

మఱియు వారముల లెక్కలోనే పొరపాటు జరుగుట సామాన్యము. "బతుకమ్మ పండుగకు ముందు", "జాతరకు పోయివచ్చిన తరువాత" అని మన స్త్రీలు గుర్తు చెప్పుదురు గాని, తేదీ వ్రాసిపెట్టుకొనువారు తక్కువ. అదియును గాక అందఱికిని 28 దినములకే నెలసరి రాదు. 40 దినములకు వచ్చు స్త్రీని ఉదాహరణముగా తీసికొందము. ఆమెకు అండము 14వ దినమున గాక సుమారు 26వ దినమున విడుదలగును. 42వ దినమున ఆమె రక్తమును పరీక్షించిరి. నెలసరి లెక్కను బట్టి ఆరు వారములు నిండినవి. కనుక వేయికి పైగా నుండవలెను. వచ్చినది 150. ఇంటిల్లిపాది కంగారుపడిరి. కాని అసలు గర్భపు వయస్సు నాలుగు వారములకు కొంచెము పైమాటయే. ఆ వయస్సునకు 150 సరియైన అంకెయే. బిడ్డకు పాలిచ్చుచుండగా మరల గర్భము ధరించిన తల్లి విషయములోను ఇట్లే లెక్క తప్పుచుండును.

చెఱువు నీటి లెక్క

మహబూబాబాదు జిల్లాలోని బయ్యారము చెఱువును కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ 13వ శతాబ్దమున కట్టించినది. అట్టి చెఱువు క్రింద సేద్యము చేయు రైతును, "తూము వద్ద ఎనిమిది అడుగుల నీరున్నది, నాట్లు వేయవచ్చునా?" అని అడిగి చూడుడు. ఆయన వెంటనే బదులు చెప్పడు. "మొన్న ఎంత యున్నది? నీరు ఎక్కుచున్నదా, దిగుచున్నదా?" అని మిమ్ములనే తిరిగి యడుగును. వానలు మొదలైన దినములలో ఎక్కుచున్న ఎనిమిది అడుగులు వేఱు, మాఘమాసమున దిగుచున్న ఎనిమిది అడుగులు వేఱు.

హెచ్.సి.జి. విషయమును ఇట్టిదే. ఒక్కసారి కొలిచిన చాలదు. 48 గంటల తరువాత, సాధ్యమైనంతవఱకు అదే ప్రయోగశాలలో, మరల కొలిపించవలెను. ఒక్కొక్క ప్రయోగశాల యంత్రము ఒక్కొక్క తీరుగా చూపవచ్చును గనుక స్థలము మార్చిన లెక్క చెడును. ఆరోగ్యకరమైన గర్భమున ఈ హార్మోను తొలి వారములలో రెండు మూడు దినములకొకసారి సుమారు రెట్టింపగును. రెట్టింపు కాలేదని భయపడ నక్కఱలేదు. మొదటి అంకె 1,500కు లోపైనచో, 48 గంటలలో కనీసము నూటికి 49 వంతులు పెరుగవలెనని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘము 2018లో సూచించినది. అనగా మొదట 80 ఉన్నచో రెండవసారి సుమారు 120 యైనను ఉండవలెను.

రెండవసారి 150 వచ్చినచో మనస్సు కుదుటపరచుకొనవచ్చును. 95 వచ్చినచో పెరుగుదల మందముగా నున్నదని, వైద్యుల కనుసన్నలలో నుండవలెనని అర్థము. 40 వచ్చినచో ఆ గర్భము సాధారణముగా నిలువదు. అయినను 5 యూనిట్లకు లోపు దిగు వఱకు పరీక్షలు మానరాదు. ఏలయన, దిగుచున్న అంకె గూడ, గర్భము ఎక్కడ నున్నదో చెప్పజాలదు.

అసలు భయపడవలసినది దేనికి?

నూరు గర్భములలో ఒకటి రెండు గర్భాశయమున గాక వెలుపల నిలుచును. అందులో నూటికి తొంబదికి పైగా అండవాహిక అను సన్నని నాళములోనే నిలుచును. ఆ నాళము పిండమును మోయుటకు ఏర్పడినది కాదు. పెరుగుచున్న పిండము దానిని చీల్చినచో కడుపులోపల రక్తము కాఱును. వెలుపలికి కొన్ని చుక్కలు మాత్రమే కనబడును. చూచువారు నెలసరియే ఆలస్యముగా వచ్చినదనుకొందురు. లోపల మాత్రము ప్రాణము పోవుచుండును. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రపు స్త్రీలలో సగమునకు పైగా రక్తహీనులని తేలినది. అట్టి శరీరము ఎంత రక్తము పోగొట్టుకొనగలదో మీరే యోచింపుడు.

ఇట్టి గర్భమున హార్మోను తక్కువగాను, మందముగాను పెరుగుట తఱచు. కొన్నిటిలో మామూలుగానే పెరుగుటయు గలదు. అంకె చిన్నది గదా, ప్రమాదము లేదని యనుకొనరాదు. తక్కువ అంకె యున్నప్పుడు గూడ నాళము పగులవచ్చును. కావున అంకెకంటె ముందు చూడవలసినవి లక్షణములు: పొత్తికడుపులో ఒక ప్రక్క పొడిచినట్లు నొప్పి, నెత్తురు చుక్కలు, భుజము కొనయందు నొప్పి, కండ్లు తిరుగుట, చల్లని చెమట, స్పృహ తప్పుట. నెలసరి తప్పిన స్త్రీకి వీనిలో ఏది కనబడినను రెండవ పరీక్ష కొఱకు వేచియుండరాదు. వెంటనే 108 వాహనమును పిలిచి, శస్త్రచికిత్సయు రక్తమును లభించు ఆసుపత్రికి చేర్చవలెను.

ఇచట ఒక ముఖ్య విషయము. కుటుంబ నియంత్రణ ఆపరేషను అయిన స్త్రీకి గర్భము రాదని మన నమ్మకము. అది చాలవఱకు నిజమే. కాని అరుదుగా వచ్చినచో, అది నాళములో నిలుచు అవకాశము ఇతరులకంటె మిక్కిలి హెచ్చు. కనుక ఆపరేషను అయిన స్త్రీకి నెలసరి తప్పి నొప్పి వచ్చినచో, "ఆమెకు గర్భమెక్కడిది?" అని కొట్టివేయరాదు. లోగడ ఒకసారి నాళములో గర్భము నిలిచినవారును, నాళములకు వ్యాధి సోకినవారును ఇట్లే జాగ్రత్తపడవలెను.

తొలి దినములలో స్కానింగు చేసి గర్భసంచిలో ఏమియు కనబడనందున గర్భము లేదనుట గూడ పొరపాటే. గర్భపు సంచి సాధారణముగా ఐదవ వారమునకు గాని కనబడదు. హార్మోను 3,500 యూనిట్లకు చేరినను గర్భాశయమున ఏమియు కానరానిచో అప్పుడు గట్టిగా అనుమానింపవలెను. అంతకు లోపైనచో, నొప్పి లేనిచో, వైద్యులు చెప్పిన దినమున మరల చూపించుకొనుటయే మార్గము.

తెలుగువాని కృషి

నాళములోని గర్భమును సకాలమున గుర్తించినచో, అది పగులకముందే, కొందఱికి శస్త్రచికిత్స లేకుండ మందుతోనే నయము చేయవచ్చును. ఆ మందు మెథోట్రెక్సేటు. దీని పుట్టుకలో ఒక తెలుగువాని హస్తమున్నది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలకు నాయకత్వము వహించుచు, తమ సహచరులతో గూడి ఫోలిక్ ఆమ్లమునకు విరుగుడుగా పనిచేయు మందులను రూపొందించిరి. 1948లో ఆయన మరణించిరి. 1956లో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ అను వైద్యులు మాయ కణములనుండి పుట్టు ఒక క్యాన్సరు మెథోట్రెక్సేటుతో నయమగుచున్నదని లోకమునకు తెలిపిరి. వ్యాధి తగ్గినదో లేదో తెలిసికొనుటకు వారు కొలిచినది ఈ హెచ్.సి.జి. హార్మోనునే. 1982లో జపాను దేశపు వైద్యులు ఇదే మందును స్థానము తప్పిన గర్భమునకు వాడి ఫలితము పొందిరి.

ఈ మందును ఆసుపత్రిలో వైద్యుల పర్యవేక్షణలో మాత్రమే ఈయవలెను. ఇచ్చిన తరువాత నాల్గవ దినమునను, ఏడవ దినమునను హార్మోనును కొలిచి, తగ్గుదల సరిగా నున్నదో లేదో చూతురు. ఆ దినములలో ఫోలిక్ ఆమ్లపు మాత్రలు మ్రింగినచో మందు పని చెడును. గర్భిణులకు మనము ఇనుము, ఫోలిక్ ఆమ్లము కలిసిన మాత్రలను పంచుచుందుము గనుక, ఈ చికిత్స పొందిన స్త్రీ ఆ సంగతిని ఆశా కార్యకర్తకును, ఏ.ఎన్.ఎమ్.కును చెప్పుట అవసరము.

చేయరాని పనులు

మొదటిది, తక్కువ అంకెను పెంచుటకని ఎవరుపడితే వారిచేత సూదిమందులు వేయించుట. హెచ్.సి.జి. సూది వేసినచో కొన్ని దినములవఱకు ఆ మందే రక్తపరీక్షలో కనబడి లెక్కను తారుమారు చేయును. నిలువని గర్భమును అది నిలుపదు. ఇతర హార్మోనులు ఈయవలెనో వద్దో నిర్ణయించుట అర్హులైన వైద్యుల పని.

రెండవది, దుకాణమున కొనిన గర్భస్రావ మాత్రలను మ్రింగించుట. ఆ మాత్రలు నాళములోని గర్భమును తొలగింపవు. పైగా నొప్పియు రక్తస్రావమును మాత్రల వలననే యని భ్రమపడి, అసలు ప్రమాదమును గుర్తింపక కాలము పోగొట్టుకొందురు. గర్భము మంచిదైనచో నిష్కారణముగా దానిని చంపినవారగుదురు. 1971 నాటి వైద్య గర్భస్రావ చట్టము, దాని 2021 సవరణ ప్రకారము ఈ సేవను అర్హత గల వైద్యుల ద్వారానే పొందవలెను. ఆ స్త్రీ పేరును వైద్యులు బయటపెట్టరాదని గూడ చట్టము శాసించుచున్నది.

మూడవది, ఇల్లాలిని నిందించుట. తెలియవచ్చిన గర్భములలో నూటికి పది మొదలు ఇరువది వఱకు తొలి నెలలలోనే పోవుచున్నవి. వానిలో సుమారు సగమునకు కారణము పిండపు క్రోమోసోములలోని లోపము. మిరప తోటలో కూలికి పోయినందున గాని, బిందె యెత్తినందున గాని, అత్త మాట వినలేదని గాని హార్మోను తగ్గదు. "నీ వలననే పోయినది" అనుట శాస్త్రమునకును, ధర్మమునకును విరుద్ధము.

పంచాయతీ చేయదగినది

పంచాయతీ వైద్యము చేయనక్కఱలేదు. ఎవరికి గర్భము వచ్చినదో విచారించుటయు మీ పని కాదు. ఆ స్త్రీ చెప్పదలచినవారికే ఆ మాట చెందును. మీరు చేయదగినది, రెండవ పరీక్షకు పోవు దారిని తెఱచియుంచుట.

మన మూడు జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడినవి. 2022లో మహబూబాబాదునందును, 2023లో జనగామ, భూపాలపల్లిలయందును ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలసినవి. వరంగల్లులో సి.కె.ఎమ్. ప్రసూతి ఆసుపత్రియు, ఎమ్.జి.ఎమ్. ఆసుపత్రియు, హనుమకొండలో ప్రసూతి ఆసుపత్రియు గలవు. అయినను కొత్తగూడ, గంగారము మండలముల అడవి గూడెములనుండియు, గోదావరి తీరమున మహాదేవపురము, పలిమెల ప్రాంతములనుండియు అచటికి చేరుట సులభము కాదు. వానకాలమున వాగులు పొంగినచో మఱింత కష్టము. జనగామవలె రైలు దారిపై నున్న పట్టణమునకు చేరువ గ్రామములలో గూడ, ఒక దినపు కూలి పోగొట్టుకొని రెండవసారి ఆసుపత్రికి పోవుట పేద కుటుంబమునకు భారమే. మొదటి పరీక్ష చేయించుకొని రెండవదానికి పోకుండుటకు ముఖ్య కారణము అజ్ఞానము మాత్రమే కాదు, ఈ భారము గూడ.

కావున మీ గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘపు సమావేశమున ఈ విషయములను చర్చింపుడు. ఆశా కార్యకర్త వద్ద నిశ్చయ్ కిట్లున్నవో లేవో ప్రతి నెల తెలిసికొనుడు. బీటా హెచ్.సి.జి. పరీక్ష సమీపమున ఎక్కడ జరుగునో, ఫలితము ఎన్ని గంటలకు వచ్చునో ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యాధికారి నడిగి వ్రాసియుంచుడు. రాత్రివేళ 108 రాలేని తండాలకు, గూడెములకు, ఎవరి జీపు, ఎవరి ఆటో పిలిచినచో వచ్చునో ముందుగనే మాట తీసికొని, ఆ ఫోను సంఖ్యలను పంచాయతీ గోడపై వ్రాయింపుడు. పేద స్త్రీ రెండవ ప్రయాణమునకు సంఘపు నిధిని నిబంధనల ననుసరించి వినియోగింపుడు. 2023 డిసెంబరు 9 నుండి ఆర్.టి.సి. బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము లభించుచున్నది. బస్సు వచ్చు ఊళ్లవారు దానిని ఉపయోగించుకొనవచ్చును. నొప్పి లేని స్త్రీకి బస్సు చాలును. నొప్పియు మైకమును ఉన్న స్త్రీని మాత్రము బస్సెక్కింపరాదు.

నెలసరి తేదీని గోడమీది క్యాలెండరుపై గుర్తు పెట్టుకొను అలవాటును స్వయంసహాయక సంఘముల అక్కలు, చెల్లెండ్రు తమ సమావేశములలో నేర్పినచో, సగము కంగారు మొదటనే తొలగిపోవును. దీనికి పైకము గాని, చదువు గాని అక్కఱలేదు.

సోదర సోదరీమణులారా! ఒక ఇంటివారు కాగితము పట్టుకొని మీ గడపకు వచ్చినపుడు మీరు మూడు ప్రశ్నలు వేయుడు. "అమ్మకు నొప్పి గాని, మైకము గాని ఉన్నదా?" ఉన్నదనినచో కాగితమును ప్రక్కన పెట్టి బండిని పిలువుడు. లేదనినచో, "కడపటి నెలసరి ఎన్నడు? ఎన్ని దినములకు వచ్చుచుండును?" అని యడుగుమని ఆశా కార్యకర్తకు అప్పగింపుడు. పిమ్మట, "రెండవ పరీక్ష ఏ దినమున? తోడు ఎవరు పోవుదురు?" అని విచారింపుడు. తోడు ఎవరును లేరనినచో, ఆ తోడును సమకూర్చు బాధ్యత పంచాయతీది. ఆ బాధ్యతను మీరు స్వీకరింతురని మేము విశ్వసించుచున్నాము.

జై హింద్!